కడిగిన మట్టి

జూన్ 8, 1986. ఆదివారం

దుర్గయ్య మామ ఇవాళ మళ్ళీ పిలిపించాడు. కాలేజీవాళ్ళు నన్ను తీసేసినప్పటి నుంచి ఆయన పిలిస్తే వెళ్ళడం, పెట్టింది తినడం, చెప్పింది వినడం, ఇదే నా ఉద్యోగం. మైక్రోబయాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని నేను. తోటివాడి పళ్ళు రాలాయని తీసేశారు. నేను కొట్టలేదు, తోశానంతే. బల్ల అంచు సరిగ్గా అక్కడే ఉంటే నేనేం చెయ్యను? వస్తూ వస్తూ ఒక పాత మైక్రోస్కోపు, కొన్ని రసాయనాల సీసాలు తెచ్చుకున్నాను. వాళ్ళు నాకివ్వాల్సింది అంతకంటే ఎక్కువే.

మామ ఒకప్పుడు కూలీల ముకద్దం, అంటే వాళ్ళను పనికి కుదిర్చే మేస్త్రీ. ఇప్పుడు కామాఠీపురాలో గంజాయి ఆయన చెయ్యి దాటకుండా ఏ గల్లీకీ పోదు. పోయినేడు కొత్త చట్టం వచ్చింది. గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో పోలీసులు మూటలన్నీ విప్పి చూస్తున్నారు. అందుకని సరుకు ఊళ్ళోనే పండించాలని మామకు బుద్ధి పుట్టింది. ధారావిలో ఒక తోళ్ళ గోదాం మూతపడి ఉంది. కప్పు సగం ఎగిరిపోయి ఎండ బాగా పడుతుంది. తారు డ్రమ్ములు సగానికి కోయించి అందులో వరసగా పెట్టించాడు.

"మట్టిల పురుగుల చదువు నువ్వే చదివినవ్ గద రా శివరాం," అన్నాడు. "మొక్కెట్ల బతుకుతదో నువ్వే జూడు. బతకకపోతె ఎవని వల్ల సచ్చిందో అది గూడ నువ్వే జెప్పాలె."

కాపలాకు యాదయ్య, నర్సమ్మ. పాలమూరు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. పని కోసం కూలీలు చేరే నాకా మీద, ఆ చౌరస్తాలో నిలబడి ఉంటే మామ తెచ్చి ఇక్కడ పెట్టాడు. మాదీ ఆ జిల్లానే, కాకపోతే మా తాత ముందే ఈ ఊరు వచ్చాడు, వీళ్ళు ఇప్పుడొచ్చారు. మామకు అంత తేడా చాలు, వీళ్ళను తిట్టడానికి.

యాదయ్యకు ఒక్కటే చెప్పాను. మట్టి శుభ్రంగా ఉండాలి.

జూన్ 12

యాదయ్య మట్టిని కడిగాడు!

నేను వెళ్ళేసరికి జల్లెడ పట్టి, వేర్లూ ఆకులూ ఏరి పారేసి, మిగిలింది తొట్లో పోసి కలియబెట్టి, పైకి తేలిన మురికినీళ్ళు పారబోస్తున్నాడు. గోడలకు ప్లాస్టరింగ్ చేసే ముందు ఇసుక కడుగుతారే, అచ్చం అలాగే. ఇదేం పని యాదయ్యా అంటే తెల్లమొహం వేశాడు.

"మీరే అన్నరు గద సార్, మట్టి సాఫుండాలె అని. మాకు సాఫంటె గిదే."

నవ్వొచ్చింది. తిట్టలేదు. శుభ్రమే కదా చేశాడు. ఆ మట్టి డ్రమ్ములకు నింపించి, ల్యాబ్ ఫార్మలిన్ నీళ్ళలో కలిపి నేనే పట్టించాను. పైన గోనెలు కప్పాను. నర్సమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. యాదయ్య దగ్గుతూ నా పక్కనే నిలబడ్డాడు.

"ఏం మందు సార్ గిది? గొంతు కోస్తుంది."

"మట్టిలో పురుగులు చచ్చే మందు."

"అన్నీ సస్తయా?"

"అన్నీ."

ఆ మాట అన్నప్పుడు చాలా సుఖంగా అనిపించింది. కాలేజీ వదిలాక మొదటిసారి ఎవరో నన్ను చదువుకున్నవాడిలా చూశారు.

జూన్ 13

వాన. నా ఒంటి మీద ఆ వాసనేమిటని అమ్మ అడిగింది. మందు అన్నాను.

జూన్ 29

గోనెలు తీసి, వాసన పూర్తిగా పోయాక పోయిన వారమే గింజలు వేశాం. అన్నీ మొలిచాయి. ఒక్క మొలకా కుళ్ళలేదు. మామ నా భుజం చరిచి, ఎల్లయ్యను పిలిచి నాకు బటాటావడా తెప్పించాడు. ఎల్లయ్య మామ మనిషి. మామ ఎవరిని కొట్టమంటే వాళ్ళను కొడతాడు, ఎందుకని అడగడు. అలాంటివాడితో నాకు వడా తెప్పించడం బాగుంది.

జూలై 10

మొక్కలు ఎదగడం లేదు. జానెడు కూడా లేవు. కింది ఆకులు పచ్చబడి రాలుతున్నాయి, కాడలు వంకాయ రంగుకు తిరిగాయి. ఎరువు వేసినా తీసుకోవడం లేదు.

మామ వచ్చి చూశాడు. ఎల్లయ్య చెంప మీద కొట్టాడు. ఎల్లయ్య వెళ్ళి యాదయ్య చెంప మీద కొట్టాడు. యాదయ్య నన్ను చూశాడు. నేను డ్రమ్ముల్లోకి చూశాను.

జూలై 13, ఆదివారం

గోదాం వెనక మురికికాలవ గట్టు మీద ఒక గంజాయి మొక్క దానంతటదే మొలిచి నా నడుం దాకా ఎదిగింది. ఎవరు పడేసిన గింజో. దాని వేరొకటి, డ్రమ్ములోని వేరొకటి తెచ్చి, ఉడకబెట్టి, నీలం రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టాను.

గట్టు మీది వేరు నిండా బూజు. వేరు లోపల, ఒక్కో కణంలో, చిన్న చిన్న చెట్లలా కొమ్మలు వేసి ఉంది. అక్కడి నుంచి సన్నటి దారాలు మట్టిలోకి పోయాయి. ఈ బూజు రోగం కాదు. వేరు దానికి చక్కెర పెడుతుంది, అది వేరు అందుకోలేనంత దూరం నుంచి నీళ్ళూ భాస్వరమూ మోసుకొస్తుంది. దాని చుట్టూ ఇంకెన్నో రకాల సూక్ష్మజీవులు, అన్నీ ఆ వేరు కార్చే తీపి మీద బతుకుతూ, దానికి కావలసింది అరిగించి పెడుతూ. ఎంతసేపు చూశానో తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒకరి అన్నం ఒకరు వండి పెట్టుకునే కాపురం అది.

డ్రమ్ములోని వేరు ఖాళీ. ఏమీ లేదు. బోసిగా, తెల్లగా, శుభ్రంగా ఉంది.

కడిగినంత మాత్రాన అన్నీ చావవు. ఫార్మలిన్‌కు చస్తాయి.

చదువులో ఉన్నదే నేను చేశాను. మట్టి శుద్ధి చేయాలని పుస్తకాల్లోనే ఉంది.

జూలై 14

రేపు మామకు చెప్తాను. ఫార్మలిన్ అని ఒక్క మాట చెప్తే సరిపోతుంది.

జూలై 15

మామ మహా కోపం మీద ఉన్నాడు. ఎవరో యాదయ్యను తన మీదికి పంపారని అనుకుంటున్నాడు. ఇప్పుడు చెప్పడం తెలివితక్కువ. తబేలా నుంచి పశువుల పేడ, గుర్రపు లద్ది తెప్పించి మట్టి కలిపి పెట్టాను. ముందు మొక్కల్ని బతికిస్తాను, మామ చల్లబడ్డాక చెప్తాను.

జూలై 16

గోదాంలోకి అడుగు పెట్టేసరికి ఎల్లయ్య యాదయ్య జుట్టు పట్టుకుని తల డ్రమ్ముకేసి కొడుతున్నాడు. రేకు మోగుతోంది. మామ స్టూలు మీద కూర్చుని పాన్ నములుతున్నాడు.

"ఎవడు పంపిండ్రా నిన్ను? నా మొక్కల్ని సంపుమని ఎవడు జెప్పిండు?"

"ఎవ్వలు లేరు సేట్. నా పెండ్లాం మీద ఒట్టు."

మామ నన్ను చూశాడు. "శివరాం, నువ్ జెప్పు. మొక్కెందుకు సస్తుంది?"

మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎల్లయ్య నా వైపు తిరిగి చేతికైన నెత్తురు ప్యాంటుకు తుడుచుకున్నాడు. నాకు భయం వేసింది. రాయడానికి సిగ్గేముంది, ఇది ఎవరూ చదవరు.

"మట్టిని కడిగేశాడు మామా. మట్టిలో జీవమంతా ఆ నీళ్ళల్లో పోయింది," అన్నాను.

అబద్ధం కాదు. కడిగాడు కదా.

యాదయ్య నోట్లో నెత్తురు ఉమ్మి లేవబోయాడు. "సారే సాఫ్ జెయ్యమన్నడు. సారే మందు పోసిండు. పురుగులన్నీ సస్తయ్ అన్నడు. నర్సమ్మ గూడ జూసింది!"

మామ నమలడం ఆపాడు. "క్యా రే శివరాం? ఏం మందు?"

నేల చదును చేయడానికి వాళ్ళు వాడే దిమ్మిస గోడకు ఆనించి ఉంది. అడుగున బరువైన చెక్క, పైన పొడుగు పిడి. నా చెయ్యి దాని మీద పడింది. "నా మీదే అబద్ధాలు చెప్తావా," అని అరవడం నాకు వినిపించింది. ఎల్లయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు, యాదయ్య కుడి చెయ్యి రాతి గడప మీద పెట్టి తొక్కిపట్టాడు. మొదటి దెబ్బకు ఎముక చప్పుడు వచ్చింది. తర్వాత తడి చప్పుడు. కొట్టేకొద్దీ భయం తగ్గింది. ఇంకా కొట్టాను. ఆఖరికి మామే లేచి, "బస్, బస్ రే, సస్తడు," అని నా నడుం పట్టుకుని లాగాల్సి వచ్చింది.

మందు సంగతి మామ మళ్ళీ అడగలేదు.

నర్సమ్మ నీళ్ళ బిందె పారేసి పరుగెత్తుకొచ్చింది. నన్ను తిట్టలేదు. నేను కలిపి పెట్టిన పేడమట్టి గుప్పెళ్ళతో తీసి, ఆ గాయంలో కుక్కి, కొంగు చింపి బిగించి కట్టింది. నెత్తురు ఆగడానికి వాళ్ళ ఊళ్ళో అంతే చేస్తారు. నెత్తురు ఆగింది కూడా.

ఆ లద్దిలో ఏముంటుందో నేను పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. గాలి చొరని లోతు గాయం దొరికితే అది మేలుకుంటుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ వెంటనే వేయించాలి. రేపు నేనే తీసుకెళ్తాను.

జూలై 17

మణికట్టు వాచింది. అమ్మ నూనె రాస్తూ, "ఎవర్ని గొట్టినవ్ బిడ్డా?" అని అడిగింది. నేల చదును చేశానన్నాను.

ఎల్లయ్య ఆ చెయ్యి తొక్కిపట్టకపోతే యాదయ్య లాక్కునేవాడే. దెబ్బ నేల మీద పడేది.

జూలై 18

రైలు పట్టాల పక్కన గడ్డి దుబ్బులు వేర్లతో, మట్టితో సహా తవ్వి బస్తాలకెత్తాను. ఆ వేర్ల నిండా నా బూజు ఉంది, చూసుకునే తెచ్చాను. ప్రతి డ్రమ్ములో నా చేతివేళ్ళతో గుచ్చి, మొక్క వేరుకు తగిలేలా పెట్టాను. పసిపిల్లలకు అన్నం పెట్టినంత జాగ్రత్తగా పెట్టాను.

యాదయ్య మూలన గోనె మీద పడుకుని ఉన్నాడు. జ్వరం లేదు. కట్టు విప్పి కడగాలి అనుకున్నాను. నర్సమ్మ దగ్గరికి రానివ్వలేదు. మరి తప్పెవరిది?

జూలై 19

దవాఖానకు పోతే పోలీసులు పంచనామా రాస్తారని మామ అన్నాడు. నిజమే. మేకు గుచ్చుకుందని చెప్పి ఇంజెక్షన్ ఒక్కటే వేయించొచ్చు. సోమవారం తీసుకెళ్తాను.

జూలై 20, ఆదివారం

గల్లీలో బోనాలు. డప్పులు, పోతరాజు కొరడా, వేపమండలు. మామ మొక్కుకున్న మేకపోతును ఎల్లయ్య ఒక్క వేటుకు తెగనరికాడు. తల ఇటు పడ్డాక కూడా కాళ్ళు కొంతసేపు తన్నుకున్నాయి. అందరూ కేకలు వేశారు, నేనూ వేశాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

జూలై 21

సోమవారం. వాన. బస్సులు లేవు.

జూలై 23

ధారావి వెళ్ళాను. యాదయ్య బాగానే ఉన్నాడు. ఎడమ చేత్తో గంజి తాగుతున్నాడు. ఇన్ని రోజులు ఏమీ కాలేదంటే ఇంకేం కాదు.

జూలై 26

పచ్చబడ్డాయి! కొత్త ఆకులు! మామూలు పచ్చ కాదు, ముదురు పచ్చ. ఒక వేరు తీసి చూశాను. దారాలు లోపలికి దిగాయి. చిన్న చెట్లు మొదలయ్యాయి. మైక్రోస్కోపు మీద తల పెట్టి నవ్వుతుంటే నర్సమ్మ వచ్చి వెనక నిలబడింది.

"సార్, నిన్నటి సంది ఆయినె నోరు తెరుస్తలేడు. దవుడ పట్కపోయింది. గంజి గూడ పోతలేదు. జర జూడుండ్రి."

వెళ్ళి చూశాను. యాదయ్య నన్ను చూసి నవ్వుతున్నాడు. పళ్ళన్నీ కనిపిస్తున్నాయి, కనుబొమలు పైకి లేచి ఉన్నాయి. అది నవ్వు కాదు. ఆ మొహం బొమ్మ నా పాఠంలో ఉండేది.

ఎత్తుకుని బయటికి తెస్తుంటే గుమ్మంలో ఎల్లయ్య అడ్డం నిలబడ్డాడు. "సేట్ నడగకుండ యాడికి?" అన్నాడు. యాదయ్యను దించి, ఇటుక తీసుకుని ఎల్లయ్య మొహం మీద కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. ముక్కు చితికింది. నర్సమ్మ, నేను కలిసి యాదయ్యను టాక్సీలో వేశాం. ప్రతి గతుకుకూ వాడి ఒళ్ళు బిగుసుకుపోయింది.

పరంజా మీద నుంచి పడ్డాడని డాక్టరుకు చెప్పాను. నర్సమ్మ నా మొహం చూసింది కానీ కాదనలేదు.

జూలై 27

మామ కోపగించుకోలేదు. మొక్కలు చూసి వచ్చాడట. ఎల్లయ్య ముక్కుకు కట్టు కట్టించి, "మగోనివైనవ్ రా!" అని నన్ను మెచ్చుకున్నాడు. ఇంకో గోదాం చూస్తున్నాడట.

జూలై 28

వార్డు చివర ఒక చీకటి గది. కిటికీకి నల్లగుడ్డ. అందులో యాదయ్య ఒక్కడే. చెయ్యి మణికట్టు పైన తీసేశారు.

డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి నాతో ఇంగ్లీషులో, నర్సమ్మతో హిందీలో చెప్పాడు. మందు ఇస్తున్నారు. మనిషి గట్టివాడు. ఈ వారం కదలకుండా గడిస్తే బతుకుతాడు. వెలుతురు పడకూడదు, ముట్టుకోకూడదు, చప్పుడు చేయకూడదు. గిన్నె కింద పడ్డా చాలు, ఒళ్ళంతా బిగిసి ఊపిరి ఆగిపోతుంది. లోపల ఎవరూ మాట్లాడొద్దు.

నర్సమ్మ కాలి మట్టెలు తీసి కొంగున ముడేసుకుంది, చప్పుడవుతాయని.

జూలై 29

నర్సమ్మ నాతో మొదటిసారి ఎక్కువ మాట్లాడింది. వరండాలో గోడకానుకుని, గొంతు బాగా తగ్గించి.

"సార్, మావోళ్ళు ఒక్కలు గూడ వస్తలేరు. బువ్వ పెట్టిన సేట్‌కే ద్రోహం జేసిండని నాకా మీదంత అనుకుంటున్నరట. మా మరిది గూడ రాలే. నా మొగడు ద్రోహం జేసెటోడు గాదు. నాకు దెల్సు, మీకు దెల్సు. ఒక్కపాలి నాకా కాడికొచ్చి నలుగుర్ల జెప్పుండ్రి సార్. ఇంకేమొద్దు."

"చూద్దాం నర్సమ్మా," అన్నాను.

"జూసుడు గాదు సార్. జెప్పుండ్రి."

ఆమె మీద కోపం వచ్చింది. అక్కడే ఒక్కటి ఇవ్వాలనిపించింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. నాకా మీద చెప్తే సాయంత్రానికి మామకు చేరుతుంది. మామ ఊరుకుంటాడా? ఈమెకు తన మొగుడు తప్ప ఇంకెవరి ప్రాణమూ ప్రాణం కాదు.

జూలై 30

నిద్ర లేదు. తిండి సయించడం లేదు. కళ్ళు మూస్తే ఆ తడి చప్పుడు. ఇలా ఎన్నాళ్ళు?

నాకా మీద చెప్పడం కాదు, ముందు యాదయ్యకు చెప్పాలి. న్యాయంగా ఆలోచిస్తే అతనికే కదా చెప్పాల్సింది. చెప్పేస్తే నా గుండె తేలికపడుతుంది, వినేస్తే అతనికీ తేలికవుతుంది. మధ్యాహ్నం నర్సు లోపలి గదికి వెళ్ళింది, నర్సమ్మ వరండాలో కూర్చుని కునుకు తీస్తోంది. నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

ఆ చీకట్లో ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత పళ్ళు కనిపించాయి.

"యాదయ్యా," అన్నాను.

కళ్ళు నా వైపు తిరిగాయి. తెలివి పూర్తిగా ఉంది. ఈ రోగంలో ఆఖరి దాకా ఉంటుంది.

"మందు పోసింది నేనే. మొక్కలు చచ్చింది దాంతోనే. నువ్వు కడగడం వల్ల కాదు. నీ తప్పేమీ లేదు."

మెడ వెనక్కి విరుచుకుంది. నడుం మంచం మీద నుంచి లేచింది. మడమలూ తలా తప్ప ఒళ్ళేదీ పరుపుకు ఆనలేదు. పళ్ళు పటపటలాడాయి, పెదవుల సందుల్లోంచి నురగ వచ్చింది. ఏదో జవాబు చెప్పాలని చూస్తున్నాడనుకున్నాను. క్షమించానని చెప్పబోతున్నాడేమో. నా మాట పూర్తిగా వినపడిందో లేదోనని, దగ్గరికి వంగి, భుజాలు పట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఫార్మలిన్ అని చెప్పాను. గట్టు మీది మొక్క గురించి చెప్పాను. వేరులో ఏముంటుందో, దారాలు ఎలా పోతాయో అంతా చెప్పాను. వాడి వెన్నులో ఏదో విరిగిన చప్పుడు నా చేతులకు తెలిసింది. అయినా మధ్యలో ఆపలేదు, చెప్పేది ఇంకా ఉంది.

నర్సు వచ్చి నన్ను వెనక్కి లాగేసరికి వాడి మొహం నీలంగా ఉంది.

జూలై 31

యాదయ్య పోయాడు.

నా గొంతు వార్డంతా వినిపించిందని నర్సు అంటోంది. నర్సమ్మకూ వినిపించిందట, ప్రతి మాటా. శవాన్ని ఇచ్చే దగ్గర ఆమె నన్ను చూసింది. ఏడవలేదు.

"గింత జోరుగ జెప్పెటోనివి, ఆనాడెందుకు జెప్పలేదు సార్?" అంది.

అబద్ధం. ఆ నర్సూ నర్సమ్మా కలిసి నా మీద కట్టిన అబద్ధం. నేను మెల్లగానే చెప్పాను.